నోట్లో నాలుక లేకపోవడం జబ్బా?

మందులూ మనమూ: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఒకే చోట సమాధానం ఇస్తున్నాను. నాలుగూ వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చినవే అయినా, వాటి వెనుక ఉన్న సందేహం ఒక్కటే. మందు ప్రకటన చూసేదాకా మనకు లేని జబ్బు, చూసిన మరునాటికి ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: మాది విజయవాడ. ఆరు నెలలుగా డాలస్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడ సాయంత్రం వార్తల మధ్య వచ్చే ప్రకటనల్లో మందులవే ఎక్కువ. ఎవరో నవ్వుతూ తోటలో నడుస్తుంటారు, వెనుక ఒక గొంతు గుండెపోటు, పక్షవాతం అంటూ చదువుకుంటూ పోతుంది, ఆఖరికి 'మీ డాక్టరును అడగండి' అని ముగిస్తారు. మా మనవరాలికి 15 ఏళ్లు. బాగా చదువుతుంది, ఇంట్లో మాతో కబుర్లు చెబుతుంది, ఇద్దరు స్నేహితురాళ్లున్నారు. కాని కొత్తవాళ్లు వస్తే గదిలోకి వెళ్లిపోతుంది, క్లాసులో చెయ్యెత్తి జవాబు చెప్పదట. మా అబ్బాయి ఇంటర్‌నెట్‌లో ఏదో ప్రశ్నావళి నింపి, పిల్లకు 'సోషల్ యాంగ్జయిటీ డిజార్డర్' ఉందనీ, దానికి మందు ఉందనీ అంటున్నాడు. ఆ వయసులో నేనూ అంతే. నన్ను నోట్లో నాలుక లేని పిల్ల అన్నారు గాని జబ్బు అని ఎవరూ అనలేదు. పెద్దదాన్ని కదా అని జోక్యం చేసుకుంటున్నానేమోనని సంకోచంగా ఉంది. దయచేసి మీ అభిప్రాయం చెప్పండి. – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు చేస్తున్నది జోక్యం కాదు. మీ మనవరాలిని నేను చూడలేదు కనుక ఆమెకు ఫలానా జబ్బు ఉందనో లేదనో ఇక్కడ తేల్చి చెప్పడం ధర్మం కాదు. అయితే బిడియం ఒక మందుకు ఎలా గిరాకీ తెచ్చిపెట్టిందో తెలిస్తే, మీ ఇంట్లో ఈ విషయం కూర్చుని మాట్లాడుకోవడానికి అది ఉపయోగపడుతుంది. అందుకని కొంచెం వెనక్కి వెళ్లి చెబుతాను.

నలుగురి ముందు నిలబడాలంటే, నలుగురిలో తినాలన్నా మాట్లాడాలన్నా, ప్రాణం మీదికి వచ్చినంత భయపడేవారు కొందరుంటారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రచురించే జబ్బుల జాబితాలో ఈ స్థితికి 1980లో 'సోషల్ ఫోబియా' అనే పేరుతో మొదటిసారి చోటు దొరికింది. అప్పట్లో దాన్ని అరుదైన రుగ్మతగానే రాశారు. 1994 నాటి కూర్పులో 'సోషల్ యాంగ్జయిటీ డిజార్డర్' అనే రెండో పేరు దాని పక్కన చేరింది. ఇదే కాలంలో పాక్సిల్ అనే కుంగుబాటు మందు అమెరికా బజారులోకి వచ్చింది. అప్పటికే అదే తరగతి మందులైన ప్రోజాక్, జోలాఫ్ట్ అక్కడ పాతుకుపోయి ఉన్నాయి. వాటి వెనుక వచ్చిన పాక్సిల్‌కు కొత్త కొనుగోలుదారులు కావాలి. 1999 మే నెలలో ఈ రుగ్మతకు వాడుకోవచ్చని దానికి అనుమతి లభించింది.

ఆ తరువాత జరిగిన ప్రచారాన్ని మందుల వ్యాపారం గురించి చదివేవాళ్లందరూ తెలుసుకోవాలని నేను కోరుకుంటాను. అమెరికా నగరాల్లో బస్సు స్టాపుల దగ్గర పోస్టర్లు వెలిశాయి. దిగాలుగా కూర్చున్న ఒక యువకుడి బొమ్మ, దాని మీద 'మనుషులంటేనే ఎలర్జీ అయితే ఎలా ఉంటుందో ఊహించుకోండి' అనే అర్థం వచ్చే వాక్యం. ముఖం ఎర్రబడుతుంది, చెమటలు పడతాయి, వణుకు వస్తుంది అని కింద రాసి ఉంటుంది. ఆ పోస్టరులో మందు పేరు లేదు, కంపెనీ పేరూ లేదు. కొన్ని వైద్య, స్వచ్ఛంద సంఘాల కూటమి పేరు మాత్రం ఉంది. ప్రచారాన్ని నడిపింది కంపెనీ నియమించుకున్న ఒక ప్రజాసంబంధాల సంస్థ. ఇలా జబ్బు పేరు జనం నోళ్లలో నానిన తరువాత పాక్సిల్ పేరుతోనే టీవీ ప్రకటనలు వచ్చాయి. ఎవరికీ తెలియని మార్కెట్టును కనిపెట్టి దాన్ని పెంచి పెద్దచేయడం ప్రతి మార్కెటింగు మనిషీ కనే కల అనీ, సోషల్ యాంగ్జయిటీ విషయంలో తాము చేయగలిగింది అదేననీ ఆ మందు విక్రయ బాధ్యుడు బ్యారీ బ్రాండ్ ఒక వ్యాపార పత్రికతో బహిరంగంగా చెప్పుకున్నాడు.

ఇందులోని కిటుకు ఏమిటో గమనించండి. బిడియం ఎత్తు లాంటిది, బరువు లాంటిది. అది మనుషులందరిలోనూ ఎంతో కొంత ఉంటుంది. ఒక కొసన సభలో పాట పాడమంటే సిగ్గుపడే పిల్ల ఉంటుంది, ఇంకో కొసన పరీక్ష హాలులో పదిమంది ఉంటారని చదువే మానేసిన కుర్రవాడుంటాడు. మధ్యలో గీత ఎక్కడ గీస్తామన్నదాన్ని బట్టి జబ్బుమనుషుల సంఖ్య మారుతుంది. వైద్యుల పుస్తకంలో భయం తాలూకు లక్షణాలను వివరించి ఊరుకోరు. ఆ భయం చాలా కాలంగా ఉండాలనీ, చదువుకో పనికో బంధాలకో గట్టిగా అడ్డుపడుతూ ఉండాలనీ, మనిషిని నిజంగా బాధపెడుతూ ఉండాలనీ కూడా రాస్తారు. ప్రకటనకు పుట్టిన ప్రశ్నావళిలో మొదటి సగం ఉంటుంది, రెండో సగం సన్నగిల్లిపోతుంది. 'కొత్తవారితో మాట్లాడేటప్పుడు మీకు ఇబ్బందిగా ఉంటుందా?' అని అడిగితే లేదని చెప్పే 15 ఏళ్ల పిల్ల ఎంత వెతికినా దొరకదు.

మీ అబ్బాయికి తప్పకుండా చెప్పవలసిన విషయాలు మరికొన్ని ఉన్నాయి. పాక్సిల్‌కు 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో అమెరికాలో ఏ జబ్బుకూ అనుమతి లేదు. 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, కుంగుబాటు మందులన్నిటి మీదా, పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే ప్రమాదం గురించి నల్లని గీతల పెట్టెలో హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. 2007లో ఆ హెచ్చరికను 24 ఏళ్ల వరకూ పొడిగించారు. పాక్సిల్‌ను పిల్లలకు వాడేలా ప్రోత్సహించిన అభియోగంతో పాటు మరికొన్ని అభియోగాల మీద ఆ మందు కంపెనీ గ్లాక్సోస్మిత్‌క్లైన్ 2012లో అమెరికా ప్రభుత్వానికి 300 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఈ తరగతి మందులను, ముఖ్యంగా పాక్సిల్‌ను, వాడుతూ వాడుతూ ఒక్కసారిగా ఆపేస్తే తల తిరగడం, వికారం, ఒంట్లో కరెంటు షాకు కొట్టినట్టు అనిపించడం వంటి బాధలు కలుగుతాయి. కనుక ఇప్పటికే వాడుతున్నవారెవరూ ఈ సమాధానం చదివి మందు ఆపవద్దు. మానాలనుకుంటే వైద్యుడి పర్యవేక్షణలో మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

ఇక మీ మనవరాలి సంగతి. మీరు రాసినదాన్ని బట్టి ఆ అమ్మాయి బడికి వెళ్తోంది, చదువుతోంది, స్నేహితురాళ్లు ఉన్నారు, ఇంట్లో నోరు విప్పి మాట్లాడుతోంది. ఇవి మంచి గుర్తులు. ఆమె బడికి పోనని మొరాయించడం మొదలుపెట్టినా, క్యాంటీనులో నలుగురిలో తినలేక ఆకలితో ఉండిపోతున్నా, నిద్రా తిండీ తగ్గినా, 'నాకు వెళ్లాలనే ఉంది, కాని వెళ్లలేకపోతున్నాను' అని తనే బాధపడుతున్నా, ఆలస్యం చేయకుండా పిల్లల మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లమనండి. అప్పుడు కూడా సాధారణంగా మొదట చేసేది, భయపెట్టే సందర్భాలను కొంచెం కొంచెంగా ఎదుర్కోవడం నేర్పే మాటల చికిత్స. మందు ప్రస్తావన ఆ తరువాత వస్తుంది.

ఒక మాట మన ఇళ్ల గురించి కూడా చెప్పాలి. మౌనంగా ఉండే ఆడపిల్లను మనం బుద్ధిమంతురాలని మెచ్చుకుంటాం. ఆ మెప్పు చాటున నిజంగా నలిగిపోతున్న పిల్లలు కొందరు ఎవరి కంటా పడకుండా ఉండిపోయారు. కాబట్టి 'నేనూ అంతే' అన్న మాట ఒక్కటే సరిపోదు. మీరిద్దరూ ఒకరోజు తీరిగ్గా కూర్చున్నప్పుడు, ఆ వయసులో మీకెలా ఉండేదో ముందు మీరు చెప్పి, తరువాత తనకెలా ఉంటుందో అడగండి. తండ్రి నింపిన ప్రశ్నావళి కంటే ఆ సంభాషణలో ఎక్కువ తెలుస్తుంది.

ప్రశ్న: నేను వరంగల్‌లో బీ ఫార్మసీ చదువుతున్నాను. ఫ్లూక్సెటిన్ అనే కుంగుబాటు మందును ఒకే కంపెనీ రెండు పేర్లతో, రెండు రంగుల్లో అమ్మిందని మా అధ్యాపకులు చెప్పారు. ఇది నిజమేనా? మన దగ్గర టీవీలో కనిపించని ఇలాంటి ప్రకటనలు అమెరికాలో ఎలా చెల్లుతున్నాయి? – ఒక విద్యార్థి

సమాధానం: నిజమే. ప్రోజాక్ అన్నా సారాఫెమ్ అన్నా లోపల ఉన్నది ఫ్లూక్సెటినే. ఇలై లిల్లీ కంపెనీకి ప్రోజాక్ మీద ఉన్న పేటెంటు రక్షణ 2001 ఆగస్టులో ముగిసింది. దానికి ఏడాది ముందు, 2000 జులైలో, అదే మందుకు నెలసరి ముందు వచ్చే తీవ్రమైన మానసిక బాధకు అనుమతి వచ్చింది. గులాబీ, లేత ఊదా రంగుల క్యాప్సూల్‌లో పెట్టి దాన్ని సారాఫెమ్ అన్నారు. ప్రకటనలో ఒక స్త్రీ దుకాణం ముందు ఇరుక్కుపోయిన తోపుడు బండిని లాగుతూ విసుక్కుంటూ ఉంటుంది. ఇది మీరనుకుంటున్న మామూలు ఇబ్బంది కాకపోవచ్చు, జబ్బు కావచ్చు అని ఒక గొంతు చెబుతుంది. బండి కదలకపోతే విసుగు రావడానికి నెలసరితో పని లేదు, ఆడవాళ్లే కానక్కరలేదు. మామూలు చిరాకుకూ అసలు రుగ్మతకూ మధ్య ఉన్న తేడాను ఈ ప్రకటన చెరిపేస్తోందనీ, రుగ్మత తీవ్రతను చులకన చేస్తోందనీ ఎఫ్‌డీఏ 2000 నవంబరులో ఆక్షేపిస్తూ ఉత్తరం రాసింది. ఐరోపాలో 2003లో ఈ ఉపయోగాన్ని ఫ్లూక్సెటిన్ అనుమతుల జాబితాలోంచి తొలగించారు.

ఆ రుగ్మత అబద్ధమని మాత్రం అనుకోవద్దు. నెలనెలా కొన్ని రోజులు బతుకే వద్దనిపించేంతగా కుంగిపోయే స్త్రీలు కొద్దిమంది ఉన్నారు. 2013లో దాన్ని పూర్తిస్థాయి రుగ్మతగా మానసిక వైద్యుల జాబితాలో చేర్చారు. ఈ మందు వారిలో కొందరికి మేలు చేస్తుంది. ఆ కొద్దిమందికి ఉద్దేశించిన మందును నెలసరి వచ్చే ప్రతి స్త్రీకీ చూపించి నీకూ కావాలేమో అని అడగడమే తప్పు.

ఇక చట్టం సంగతి. వైద్యుడు చీటీ రాస్తేనే ఇవ్వవలసిన మందులను నేరుగా జనానికి విస్తృతంగా ప్రచారం చేసుకోనిచ్చే దేశాలు ప్రపంచంలో రెండే ఉన్నాయని చెప్పుకోవచ్చు. అవి అమెరికా, న్యూజీలాండ్. అమెరికాలో ఈ ప్రకటనలపై అధికారం 1962లో ఎఫ్‌డీఏ చేతికి వచ్చింది. అప్పట్లో కంపెనీలు ప్రకటనలు ఇచ్చేది వైద్యుల పత్రికల్లోనే. 1981లో ఒక న్యుమోనియా టీకా ప్రకటన జనం చదివే పత్రికలో వచ్చింది, 1983లో ఒక నొప్పుల మందు టీవీకెక్కింది. ఎఫ్‌డీఏ కంగారుపడి కంపెనీలను స్వచ్ఛందంగా ఆగమని కోరి, 1985లో ఆ ఆంక్ష ఎత్తివేసింది. అయినా టీవీ ప్రకటనలు పెద్దగా రాలేదు. కారణం, మందు పేరూ జబ్బు పేరూ కలిపి చెప్పాలంటే ప్రమాదాల వివరమంతా చెప్పాలన్న నిబంధన. ఒక పత్రిక పేజీ నిండే అంత చిన్న అక్షరాల సమాచారాన్ని అర నిమిషంలో చదవడం ఎవరి తరమూ కాదు. 1997 ఆగస్టులో ఆ చిక్కు విడిపోయింది. ముఖ్యమైన ప్రమాదాలు చెప్పి, మిగతావాటికి ఒక ఫోను నంబరో వెబ్‌సైటో పత్రికా ప్రకటనో చూపిస్తే చాలని ఎఫ్‌డీఏ ముసాయిదా మార్గదర్శకాలు ఇచ్చింది. ఇప్పుడు టీవీలో గబగబా చదివే ఆ ప్రమాదాల జాబితా పుట్టింది అక్కడే.

మరి నిషేధించరెందుకని మీరు అడగవచ్చు. అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ ఇచ్చే వాక్ స్వాతంత్ర్య రక్షణ వ్యాపార ప్రకటనలకు కూడా కొంత మేరకు వర్తిస్తుంది. ఆ సూత్రాన్ని 1976లో అక్కడి సుప్రీంకోర్టు స్థిరపరచిన కేసు మందుల దుకాణాలకు సంబంధించినదే. వర్జీనియా రాష్ట్రంలో దుకాణదారులు మందుల ధరలను ప్రకటించకూడదన్న నిషేధాన్ని వినియోగదారులే సవాలు చేసి గెలిచారు. పేదవాడికి చవక మందు ఎక్కడ దొరుకుతుందో తెలియాలన్న న్యాయమైన కోరికతో వచ్చిన తీర్పు, తరువాతి కాలంలో కంపెనీలకూ అండగా నిలిచింది. ఈ ప్రకటనలను నిషేధించాలని అమెరికా వైద్యుల ప్రధాన సంఘం 2015 నవంబరులో తీర్మానించినా ఫలితం లేకపోయింది. టీవీ, రేడియో ప్రకటనల్లో ప్రమాదాలను స్పష్టంగా, ప్రముఖంగా, దృష్టి మళ్లించకుండా చెప్పాలన్న కొత్త నిబంధన 2024లో అమలులోకి వచ్చింది. 1997 నాటి వెసులుబాటును వెనక్కి తీసుకునేలా నిబంధనలు మారుస్తామని 2025 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది.

మన దేశంలో 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం ఉంది. కొన్ని జబ్బులను నయం చేస్తామంటూ ప్రకటనలు ఇవ్వడాన్ని అది నిషేధిస్తుంది. దానికి తోడు షెడ్యూల్ హెచ్, హెచ్ 1, ఎక్స్ కిందికి వచ్చే, అంటే వైద్యుడి చీటీ మీదే అమ్మవలసిన మందులను కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా ప్రకటించరాదని 2015లో ఔషధ నియమాల్లో చేర్చారు. మీరు రేపు మందుల షాపులో కూర్చున్నప్పుడు ఇవి మీకు అక్కరకొస్తాయి. అయితే మందు పేరు చెప్పకుండా జబ్బు పేరు మాత్రమే చెప్పే 'అవగాహన' ప్రకటనను ఇలాంటి నిబంధన పట్టుకోలేదు. బస్సు స్టాపు పోస్టరులో మందు పేరు లేదని పైన చెప్పాను కదా. ఆ దారి మన దగ్గరా తెరిచే ఉంది. ఒక జబ్బు గురించి పెద్ద ఎత్తున ప్రచారం కనిపించినప్పుడు దానికి డబ్బు ఎవరు పెట్టారో వెతకడం విద్యార్థిగా మీరు ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి.

ప్రశ్న: మీరు గత సంచికలో మందుల ప్రకటనల వల్ల కీడే ఎక్కువని రాశారు. నేను ఒప్పుకోను. మా చెల్లెలు న్యూజెర్సీలో ప్రసవం తరువాత ఏడాది పాటు ఏడుస్తూ గడిపింది. మన వాళ్లెవరూ పట్టించుకోలేదు, దిష్టి తగిలిందన్నారు. టీవీలో కుంగుబాటు గురించిన ప్రకటన చూసి తనే డాక్టరు దగ్గరకు వెళ్లింది, ఇవాళ కోలుకుంది. ఆ ప్రకటన లేకపోతే మా చెల్లెలు ఏమయ్యేదో! – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: మీ చెల్లెలు కోలుకున్నందుకు మనస్ఫూర్తిగా సంతోషిస్తున్నాను. మీ అభ్యంతరం బలమైనది. గత సంచికలో నేను ఆ వైపు చూపించకుండా రాయడం లోపమే.

మీరు చెప్పిన వైపునూ నేను రాసిన వైపునూ కలిపి చూపించిన అధ్యయనం ఒకటుంది. అమెరికాలో మూడు నగరాల్లో జరిగింది, 2005లో ప్రచురితమైంది. శిక్షణ పొందిన కొందరు మహిళలు రోగులుగా నటిస్తూ, ముందుగా సమ్మతి ఇచ్చిన 152 మంది వైద్యుల దగ్గరకు మొత్తం 298 సార్లు వెళ్లారు. కొన్నిసార్లు తీవ్రమైన కుంగుబాటు లక్షణాలు చెప్పారు. మరికొన్నిసార్లు ఉద్యోగం పోవడం వంటి కష్టం తరువాత ఎవరికైనా కలిగే, సాధారణంగా మందు అవసరం రాని దిగులును వర్ణించారు. కొందరు మందు ఊసే ఎత్తలేదు. కొందరు 'ఏదైనా మందు ఉందా?' అన్నారు. కొందరు టీవీలో చూశామని పాక్సిల్ పేరు చెప్పి అడిగారు.

మామూలు దిగులుతో వెళ్లి మందు అడగనివారిలో 10 శాతం మందికి కుంగుబాటు మందు రాసిచ్చారు. పాక్సిల్ పేరు చెప్పి అడిగినవారిలో 55 శాతం మందికి రాసిచ్చారు. బాధ అదే, మాట మారింది, చీటీ మారింది. చాలామంది మంచి వైద్యులు కూడా ఎదుట కూర్చున్న మనిషి పేరుపెట్టి అడిగినదాన్ని కాదనలేకపోయారు. ఇక అసలైన తీవ్ర కుంగుబాటును వర్ణించినవారి సంగతి. ఏమీ అడగనివారిలో 31 శాతం మందికే మందు దక్కింది. మందు ఏదైనా ఉందా అని అడిగినవారిలో 76 శాతం మందికి దక్కింది. అంటే నోరు తెరిచి అడగడం వల్ల నిజంగా అవసరమైనవారికి మేలు జరిగింది. మీ చెల్లెలి అనుభవం ఈ రెండో వరుసలోకి వస్తుంది. కాని ఇంకొకటి కూడా చూడండి. ఆ తీవ్ర కుంగుబాటులో కంపెనీ పేరు చెప్పి అడిగినవారిలో 53 శాతం మందికే మందు అందింది. మేలు చేసింది అడగడం. బ్రాండు పేరు దానికి కలిపిందేమీ లేదు.

అందుచేత మీతో నాకున్న విభేదం చిన్నది. మీ చెల్లెలికి కావలసింది, నువ్వు ఒంటరివి కావు, దీనికి చికిత్స ఉంది, వైద్యుడిని కలువు అనే కబురు. ఆ కబురు ఆశా కార్యకర్త చెప్పవచ్చు, ప్రసవం చేసిన ఆసుపత్రి చెప్పవచ్చు, అక్కగా మీరు చెప్పవచ్చు, ఇలాంటి పత్రికలు చెప్పాలి. అది అమ్మకానికి మందు ఉన్న కంపెనీ నోట వచ్చినప్పుడు, తన లాభానికి అనుకూలమైనంత వరకే వస్తుంది. పేటెంటు ముగిసి చవకైన జెనరిక్ వచ్చాక ఆ జబ్బు గురించిన అవగాహన ప్రకటనలు ఎవరికీ అక్కరలేకుండా పోతాయి, జబ్బు మాత్రం ఎక్కడికీ పోదు. అమెరికాలో కంపెనీలు నడిపిన జబ్బుల అవగాహన ప్రచారాలు 1997లో 44 ఉంటే 2016 నాటికి 401 అయ్యాయి. చీటీ మందులను నేరుగా జనానికి ప్రకటించడానికి పెట్టిన ఖర్చు అదే కాలంలో 130 కోట్ల డాలర్ల నుంచి 600 కోట్ల డాలర్లకు పెరిగింది.

ప్రసవం తరువాతి కుంగుబాటు అసలైన జబ్బే. రెండు వారాలు దాటినా ఏడుపు, నిద్రలేమి, బిడ్డ మీద ధ్యాస లేకపోవడం తగ్గకపోతే అత్తవారూ పుట్టింటివారూ దిష్టి తీయడంతో సరిపెట్టకుండా వైద్యం చేయించాలి. మీ ఉత్తరం చదివి ఏ ఇంట్లోనైనా ఆ పని జరిగితే ఆ పుణ్యం మీదే.

ప్రశ్న: వయసు 41. కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాత్రి భోజనం కాగానే నిద్ర ముంచుకొస్తుంది, చిరాకు, మునుపటి ఉత్సాహం లేదు. ఒక వెబ్‌సైటులో పది ప్రశ్నలకు జవాబిస్తే పురుష హార్మోను టెస్టోస్టెరాన్ తక్కువ ఉండవచ్చని వచ్చింది. ఆ హార్మోను జెల్ వాడమంటారా? మాకు ఒక పాప, ఇంకో బిడ్డ కోసం అనుకుంటున్నాం. – ఒక పాఠకుడు

సమాధానం: ఇంకో బిడ్డ కావాలనుకుంటున్నారు కనుక ముందుగా ఇది తెలుసుకోండి. బయటి నుంచి టెస్టోస్టెరాన్ తీసుకుంటే వీర్యకణాల ఉత్పత్తి పడిపోతుంది, కొందరిలో పూర్తిగా నిలిచిపోతుంది. సంతానం కోసం చూస్తున్నవారికి ఈ చికిత్స వద్దని హార్మోను వైద్యుల మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ వెబ్‌సైటులోని ప్రశ్నల్లో ఈ ప్రశ్న ఉందా?

అలాంటి పది ప్రశ్నల జాబితాను 2000లో సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ మార్లీ రూపొందించారు. భోజనం తరువాత కునుకు పడుతోందా, చిరాకుగా ఉంటోందా, ఉత్సాహం తగ్గిందా, ఆటల్లో చురుకుదనం తగ్గిందా, పనిలో పట్టు సడలిందా అని అందులో ఉంటుంది. లైంగిక విషయాలకు సంబంధించిన రెండు ప్రశ్నల్లో దేనికి అవునన్నా, లేదా మిగతావాటిలో మూడింటికి అవునన్నా, లోపం ఉండవచ్చని తేలుతుంది. నలభై దాటి, రోజంతా తెర ముందు కూర్చుని, అర్ధరాత్రి భారతదేశపు బృందంతో ఫోను సమావేశాలు చేసే మనిషి మూడింటికి అవుననకుండా ఉండటం కష్టం. 'లో టీ' (తక్కువ టెస్టోస్టెరాన్) అనే పొట్టి పేరుతో ప్రకటనలు హోరెత్తిన రోజుల్లో, అమెరికాలో టెస్టోస్టెరాన్ చీటీలు పొందిన పురుషుల సంఖ్య 2010లో 13 లక్షల నుంచి 2013లో 23 లక్షలకు పెరిగింది. వయసుతో సహజంగా తగ్గే హార్మోనుకు ఈ మందును ఆమోదించలేదని ఎఫ్‌డీఏ 2015లో లేబుళ్ల మీద రాయించవలసి వచ్చింది. అప్పుడు హెచ్చరించిన గుండెపోటు భయాన్ని 2023లో 5 వేల మందికి పైగా పురుషులపై వెలువడిన అధ్యయనం చాలావరకు తగ్గించింది. అయితే గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మందు వాడినవారిలో ఎక్కువగా కనిపించాయి.

వృషణాల దెబ్బ వల్లో, పిట్యూటరీ గ్రంథి లోపం వల్లో, పుట్టుకతో వచ్చిన లోపం వల్లో ఈ హార్మోను తగ్గినవారికి ఇది అవసరమైన మందు. మీరు వారిలో ఒకరో కాదో తేల్చేది రక్త పరీక్ష. ఉదయం పరగడుపున, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చేయించండి. ఒక్కసారి తక్కువ వస్తే నిర్ధారణ కాదు. దాంతో పాటు షుగరు, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలూ చేయించండి. గురక పెడుతున్నారేమో మీ భార్యను అడిగి, పెడుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. ఆరోగ్యంగా ఉన్న యువకులను వారం రోజులు రాత్రికి 5 గంటలే నిద్రపోనిస్తే వారి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గిందని 2011లో వెలువడిన ఒక చిన్న అధ్యయనం చూపించింది. డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు రెండు వారాల పాటు మీరు ఎన్ని గంటలకు పడుకుంటున్నారో, ఎన్ని గంటలకు లేస్తున్నారో రాసి పెట్టుకుని, ఆ కాగితం వెంట తీసుకెళ్లండి.